ఒక్కరోజు గడువు

పీర్లు లేచే రోజుల్లో మా దాదీమా ఇంటిముందు మట్టికుండలో షర్బత్ కలిపి పెట్టేది. మా పిల్లలా, హిందువుల పిల్లలా అని చూసేది కాదు. మా ఊళ్లో పీర్లనెత్తుకునేవాళ్లలో సగంమంది హిందువులే. "కర్బలాల పిల్లలకు నీళ్లియ్యలేదు బేటా. మన గుమ్మం ముందట ఏ పిల్లగాడూ దూపతోని పోవద్దు" అనేది.

దాదీమా కథలో జాలిమ్ ఒక్కడే. యజీద్. పెద్దయ్యాక ఉర్దూలో నేను చదువుకున్న కథలో ఇంకో మనిషి కనిపించాడు. ఉమర్ ఇబ్నె సాద్. అప్పట్నుంచీ నన్ను వదలడం లేదు.

అతను దుర్మార్గుల ఇంట పుట్టినవాడు కాదు. ప్రవక్త సహచరుడు సాద్ బిన్ అబీ వఖాస్ కొడుకు. 'రయ్' ప్రాంతానికి గవర్నరుగా కాగితం చేతికొచ్చింది. నాలుగు వేలమంది సైన్యంతో బయల్దేరబోతున్నాడు. అప్పుడు ఇబ్నె జియాద్ పిలిచాడు. యజీద్ పంపగా బస్రా నుంచి కూఫా మీదికొచ్చి కూర్చున్న పరాయి హాకిమ్ ఇతను. ముందు హుస్సేన్ సంగతి చూసి తర్వాత రయ్ వెళ్లమన్నాడు. ఇబ్నె సాద్ తనవల్ల కాదన్నాడు. అయితే ఆ కాగితం తిరిగిచ్చెయ్యమన్నాడు ఇబ్నె జియాద్. ఇబ్నె సాద్ ఒక్కరోజు గడువు అడిగాడు. మర్నాడు ఒప్పుకున్నాడు.

కర్బలా చేరాక కూడా అతని మనసు ఒప్పలేదు. అవతల గుడారాల్లో ఆడవాళ్లు, పసిపిల్లలు. రాజీ కుదిరేట్టుందని పైకి ఉత్తరం రాశాడు. జవాబు పట్టుకుని షిమర్ వచ్చాడు. లొంగకపోతే యుద్ధం చెయ్యి, చెయ్యలేకపోతే సైన్యాన్ని షిమర్‌కు అప్పగించి తప్పుకో. ఇదీ హుకుం. ఇబ్నె సాద్ తప్పుకోలేదు. నేనే చేస్తానన్నాడు. అప్పటికే ఫరాత్ నది ఒడ్డున అయిదొందలమంది గుర్రపురౌతులు కాపలా ఉన్నారు. మూడు రోజులు నీళ్లు లేవు. హిజ్రీ 61, ముహర్రం 10. అంటే క్రీ.శ. 680. ఆరోజు మొదటి బాణం వేసింది ఇబ్నె సాదే. తండ్రి చేతుల్లోని పసివాడిక్కూడా బాణమే దక్కింది. మిగిలిన ఆడవాళ్లనూ పిల్లలనూ ఖైదీలుగా కూఫాకు నడిపించారు.

ఇబ్నె సాద్‌కు రయ్ దక్కనే లేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ గడువు నేనూ అడిగినవాణ్ణే.

2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. తర్వాత పదులకొద్దీ ముస్లిం కుర్రాళ్లను పట్టుకుపోయారు. అప్పుడు నేనొక పత్రిక డెస్కులో కొత్తగా పర్మినెంటయిన సబెడిటర్ని. ఒక రాత్రి ఫోటో వచ్చింది. ముఖాలకు గుడ్డలు కట్టిన కుర్రాళ్లు. హెడ్డింగులో 'ఉగ్రవాదులు' అని పెట్టమన్నాడు ఇన్‌ఛార్జి. "అనుమానితులు అందాం సార్" అన్నాను. "నీ పేరు చూసుకుని మాట్లాడు. నువ్వు పెట్టకపోతే పక్క సీట్లోవాడు పెడతాడు" అన్నాడు. ఎడిషన్ వదలడానికి పది నిమిషాలుంది. ఆ పది నిమిషాలూ నేను ఆలోచించింది ఆ పిల్లల గురించి కాదు. నా ఇంటి అద్దె గురించి. నావాళ్ల పక్షం వహించానంటారేమో అన్న భయం గురించి. ఆ మాట నా చేత్తోనే టైపు చేశాను.

పట్టుకుపోయినవాళ్లను తర్వాత కోర్టు నిర్దోషులంది. 2012లో ప్రభుత్వమే పరిహారమిచ్చింది. నిర్దోషులన్న వార్త మా పేజీలో సింగిల్ కాలమ్. దానికి హెడ్డింగు పెట్టిందీ నేనే.

పక్క సీట్లోవాడు పెట్టేవాడే, నిజం. షిమర్ కూడా సిద్ధంగానే ఉన్నాడు. అయితే అదే సైన్యంలో హుర్ అనే సర్దారూ ఉన్నాడు. హుస్సేన్ దారికి మొదట అడ్డం నిలబడింది అతనే. ఆ పొద్దున గుర్రాన్ని తిప్పి అవతలికి వెళ్లి, చనిపోయాడు. వాళ్లను అతనూ కాపాడలేకపోయాడు. కానీ బాణం అతని చేతినుంచి వెళ్లలేదు.

ఇప్పుడు మా ఇంట్లో షర్బత్ కలిపేది నేనే. మొన్న ముహర్రంకి మా అమ్మాయి అడిగింది, "అబ్బా, పిల్లలకు నీళ్లాపింది యజీదేనా?"

"యజీద్ అక్కడ లేడు బేటా. ఎక్కడో దమిష్క్‌లో ఉన్నాడు."

"మరి నది దగ్గర నిలబడిందెవరు?"

గరిటె పక్కన పెట్టి, దాన్ని దగ్గర కూర్చోబెట్టుకున్నాను.