ఆ నర్సు ఎవరి బిడ్డ?

ఫజ్ర్ నమాజు ముగించుకొని విజయవాడ స్టేషనుకు చేరుకున్నాము. మా మదరసాలో ఖుర్ఆన్ నేర్చుకున్న ఒక బిడ్డ నర్సింగు పూర్తిచేసి, ఉద్యోగంలో చేరేందుకు తండ్రి వెంట చెన్నై బయలుదేరుతోంది. పినాకిని ఎక్స్‌ప్రెస్ సిద్ధంగా ఉంది.

కొన్ని నెలల క్రితం ఆ తండ్రి సలహా అడిగినప్పుడు, "పరాయి రాష్ట్రం, రాత్రి డ్యూటీలు. వద్దు" అన్నాము. తలుపు వెనుక నుంచి ఆ బిడ్డ మర్యాదగానే అడిగింది: "హజ్రత్, మన ఆడవాళ్లకు ఆసుపత్రిలో ఆడ నర్సే కావాలంటారు కదా! ఆ నర్సు ఎవరి బిడ్డ కావాలి?"

మా వద్ద జవాబు లేదు. ఖందక్ యుద్ధంలో గాయపడిన హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి)ను దైవప్రవక్త (స) చికిత్స కోసం చేర్పించినది హజ్రత్ రుఫైదా (రజి) గుడారంలోనే. ఏళ్లుగా బోధిస్తున్న ఆ ఉదంతాన్ని మేమే మరిచాము.

ఇక కావలసింది ముందుజాగ్రత్త. మన రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ నుంచి నిరభ్యంతర పత్రం తీసుకొని, అక్కడి కౌన్సిల్‌లో నమోదు చేయించుకోవాలి. 2014 నుంచి హైదరాబాదు కూడా మనకు మరో రాష్ట్రమే. ఆ తండ్రి ముందే వెళ్లి హాస్టలు చూసివచ్చాడు. డ్యూటీలో నమాజుకు వీలుంటుందా అనీ విచారించాడు.

రైలు కదిలింది. కాసేపట్లో వంతెన మీద నుంచి వారికి ప్రకాశం బ్యారేజీ కనిపిస్తుంది. మహారాష్ట్రలో పుట్టి, కర్ణాటక, తెలంగాణలు దాటి వచ్చిన నీటితోనే మన డెల్టా పండుతోంది. మన బిడ్డ సేవ మరొకరి గడపకు చేరితే తప్పేమిటి?

"ఫీ అమానిల్లాహ్" అన్నాము. అల్లాహ్ ఆ బిడ్డ చేతుల్లో స్వస్థత ఉంచుగాక! ఆమీన్.