చీటీగుడ్డ గౌను

జయపురానికి దక్షిణంగా ఉన్న సాంగానేరు ఒకప్పుడు వేరే ఊరు. నేడు నగరంలో కలిసిపోయింది. అక్కడి ఛీపాలు నూలుగుడ్డమీద చెక్క అచ్చులతో చిన్న చిన్న పువ్వులు అద్దుతారు. ఒక్క పువ్వుకు ఒక్క అచ్చు చాలదు. ముందు గీతలు వేసే అచ్చు పడాలి. దానిని రేఖ్ అంటారు. ఆ గీతల నడుమ రంగు నింపే అచ్చు దత్తా. రెండవది వెంట్రుకవాసి తప్పి పడినా రంగు రేకు దాటి పోతుంది. హిందీవారు ఈ గుడ్డను ఛీంట్ అంటారు. మన ఇళ్ళలోని చీటీగుడ్డ ఆ మాటకు చుట్టమే. కరక్కాయ నీళ్ళలో ముంచిన గుడ్డమీద, ఇనుపముక్కలూ బెల్లమూ కలిపి ఊరవేసిన నలుపును అద్దటం అక్కడి పాత పద్ధతి. పెడన అద్దకం చూచిన తెలుగువారికి ఇది క్రొత్త సంగతి కాదు.

మొన్న చైత్రమాసంలో నేను అక్కడ ఒకటిన్నర మీటర్ల గుడ్డ కొన్నాను. తెల్లని నేలమీద ఎర్రని పువ్వులు. నాగపూరులో ఉన్న నా మనుమరాలికి వేసవి గౌను కుట్టాలని నా కోరిక. ఆ పిల్లకు నాలుగేండ్లు. నేను దానిని ఛాయాచిత్రంలో తప్ప చూడలేదు.

గుడ్డ కొనడానికి పిల్ల కొలత అక్కరలేదు, కత్తిరించడానికి కావాలి. కొలత కావాలంటే నా కూతురిని అడగాలి. అయిదేండ్లుగా మా మధ్య మాటలు లేవు. టెలిఫోనులో అడగడానికి నోరు రాలేదు. నాలుగు పంక్తుల ఉత్తరం వ్రాశాను.

పది రోజులకు ఒక కవరు వచ్చింది. అందులో ఒక పొడుగాటి దారం, దానికి మూడు ముడులు ఉన్నాయి. చిన్న కాగితంమీద ఆ ముడుల వివరం: ఒకటి ఛాతీకి, ఒకటి నడుముకు, ఒకటి భుజంనుండి మోకాలివరకు. చివర ఒక వాక్యం: “గుడ్డను ముందు తడపమని నేను వేరే చెప్పాలా, అమ్మా?”

ఆ వాక్యం చదివి నేను చాలాసేపు ఊరక కూర్చున్నాను.

నా కూతురికి ఆరేండ్లున్నప్పుడు ఇటువంటి గుడ్డతోనే దానికి ఒక గౌను కుట్టాను. తొందరలో గుడ్డను తడపకుండానే కత్తెర వేశాను. నూలుపోగులను మగ్గంమీద బిగలాగి నేస్తారు. నీరు తగలగానే ఆ బిగువు వదలి పోగులు ముడుచుకుంటాయి. మొదటి ఉతుకుతోనే గౌను మోకాళ్ళపైకి పోయింది, చంకలదగ్గర బిగిసింది. పిల్ల చేతులు పైకెత్తలేక నావైపు చూచింది. తప్పు నాదని చెప్పటానికి నాకు నామోషీ అయినది. “నీవు పెరిగావే!” అన్నాను. అది నమ్మింది. సంతోషంతో గోడకు ఆనుకొని నిలబడి, తల ఎక్కడికి వచ్చిందో గీత గీయమన్నది. నేను గీశాను. ఎన్నో ఏండ్ల తరువాత తానే కుట్టుపని నేర్చుకున్నప్పుడు దానికి అసలు సంగతి తెలిసింది. నవ్వింది, అంతే.

తరువాత అది తనకు ఇష్టమైనవానిని పెండ్లాడింది. అప్పుడు కూడా నేను ఆ మాటే అన్నాను: “నీవు మాకందనంతగా పెరిగావు.” ఈసారి అది నవ్వలేదు. కుంచించుకొనిపోయినది ఎవరో దానికి తెలుసు, నాకూ తెలుసు.

గుడ్డను రాత్రంతా నీళ్ళలో ఉంచాను. తెల్లవారేసరికి నీరు లేతగులాబి రంగు తిరిగింది. నీడన ఆరవేసి కొలిస్తే పొడవులో రెండంగుళాలు తగ్గింది. తడి పూర్తిగా ఆరకముందే ఇస్త్రీ చేసి, ముందుభాగమూ వెనుకభాగమూ ఒకే దిక్కుగా పరచి కత్తిరించాను. లేకుంటే పిల్ల వీపుమీద పువ్వులు తలక్రిందులవుతాయి. ఛాతీ ముడికి మూడంగుళాలు వదులు కలిపాను. అంచులను ఒకసారి కుట్టి, తిరగవేసి, పోగులు లోపల దాగేటట్లు మళ్ళీ కుట్టాను. చెమటపట్టిన పసి ఒంటికి ఆ పోగులే శత్రువులు. నడుముదగ్గర కుచ్చిళ్ళు పోశాను. క్రింది అంచు మాత్రం మూడంగుళాలు లోనికి మడిచి, మిషనుమీద కాక చేతితో, తేలికగా విప్పడానికి వీలుగా కుట్టాను.

పొట్లంలో ఒక కాగితం పెట్టాను. “గుడ్డ తడిపాను. అప్పుడు నీవు పెరగలేదు, గుడ్డే ముడుచుకుపోయింది. పెండ్లినాడు కూడా అంతే” అని వ్రాశాను. ముప్పై ఏండ్లుగా ఇతరుల వాక్యాలను ఒక భాషనుండి మరొక భాషలోనికి తెస్తున్నదానను. నా సొంతవాక్యాలు మూడు వ్రాయడానికి ఒక మధ్యాహ్నం పట్టింది.

వైశాఖం వెళ్ళేలోగా జవాబు వచ్చింది. గౌను సరిపోయిందట. పిల్ల దానిని విప్పనీయక, రాత్రి అందులోనే నిద్రపోయిందట. చివర నా కూతురు ఇట్లా వ్రాసింది: “క్రింది మడత చూశాను. వచ్చే వేసవికి దానిని విప్పవలసివస్తుంది. ఆ పని నేను చెయ్యను. నీవే వచ్చి విప్పు.”