న్యూపోర్ట్ పీతలూ, మా అత్తయ్యగారూ

ఇండియా నుంచి పెద్దవాళ్ళు వచ్చారంటే పోర్ట్‌లాండ్ చుట్టుపక్కల తెలుగువాళ్ళందరిదీ ఒకటే వరస కదండీ. ఓ రోజు జలపాతం, ఓ రోజు గులాబీ తోట, గుడి సరేసరి, ఆఖర్న సముద్రం. సముద్రమంటే చాలామంది కెనన్ బీచ్‌కి వెళ్ళి, అక్కడున్న పెద్ద రాయి ముందు ఫొటో దిగి వచ్చేస్తారు. నా మాట విని ఇంకో గంట కారులో ఓపిక పట్టండి. న్యూపోర్ట్ వెళ్ళండి. అక్కడ యకీనా బే ఒడ్డున హాట్‌ఫీల్డ్ మెరైన్ సైన్స్ సెంటర్ ఉంది. దగ్గర్లోనే పెద్ద అక్వేరియం కూడా ఉందనుకోండి, పిల్లలు అటే లాగుతారు. లొంగకండి.

ఇది ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళ పరిశోధన కేంద్రం, 1965 నుంచీ ఉంది. అందులో ఒక భాగంలోకి మనల్నీ రానిస్తారు. తోచినంత విరాళం వేసి లోపలికి వెళ్ళడమే. అన్ని రోజులూ తెరవరు, చూసుకుని బయల్దేరండి.

లోపల నాకు నచ్చేది ముట్టుకోనిచ్చే తొట్టి. చేతులు తడుపుకుని, ఒక్క వేలితో, మెల్లిగా ముట్టుకోవాలి. నీళ్ళు ఐసులా ఉంటాయి. ఎనిమోన్ అని ఆకుపచ్చగా, పూవు విచ్చినట్టుండే జంతువు ఒకటుంది. దాని రేకల మీద వేలు పెడితే బంక అంటుకున్నట్టు పట్టుకుంటుంది. అది బంక కాదు. కంటికి కనబడనంత సన్నటి ముళ్ళు మన మీదికి విసురుతోందన్నమాట! మన వేలి తోలు మందం కాబట్టి సరిపోయింది, చిన్న చేపకైతే అదే ఆఖరు. పక్కనే బండరాయిని కరుచుకుని సముద్ర నక్షత్రాలు. అవి ఆల్చిప్పని చేతుల్తో లాగి కాస్త సందు చేసి, పొట్టనే బయటికి తీసి చిప్పలోకి దూర్చి తింటాయట. విన్నాక మా చిన్నాడు భోజనం దగ్గర ఎన్ని ప్రశ్నలు వేశాడో అడక్కండి.

ఆక్టోపస్ సంగతి చెప్పకపోతే పిల్లలు ఊరుకోరు. మూడు గుండెలు, నీలి రక్తం. ఒంట్లో గట్టిది ముక్కొక్కటే, అందుకే అది పట్టేంత కంత దొరికితే చాలు, ఒళ్ళంతా జారిపోతుంది. అలా పారిపోకుండా ఇలాంటి తొట్ల అంచుకి చాలాచోట్ల ప్లాస్టిక్ గడ్డి పట్టా అంటిస్తారు. దాని మీద ఆక్టోపస్ చేతులకుండే చూషకాలకి పట్టు చిక్కదు మరి. అత్తయ్యగారితో కలిసి ఇండియా నుంచి వచ్చిన మా మామయ్యగారు ఆక్టోపస్‌ని చూసినంతసేపు పట్టాని కూడా చూశారు. రిటైరైనా ఇంజనీరు ఇంజనీరే.

ఆయన అసలు కదలనన్నది సునామీ తొట్టి దగ్గర. పిల్లలు బొమ్మ ఇటుకలతో ఇళ్ళు కడతారు, మీట నొక్కితే అల వచ్చి కూలుస్తుంది. వాళ్ళకది ఆట. ఆయనకి సునామీ వచ్చిన 2004 డిసెంబరు 26 ఆదివారం పొద్దున తమ భీమిలి ఒడ్డున జనం పరుగులు గుర్తున్నాయి. ఈ ఒడ్డుకీ ఆ భయం ఉంది. 1700 జనవరిలో ఇక్కడ సముద్రం అడుగున భూమి కదిలితే, అల జపాన్ దాకా వెళ్ళింది. అక్కడివాళ్ళు భూకంపం లేకుండా అలెలా వచ్చిందో తెలీక రాసిపెట్టుకున్నారు, ఆ రాతల్ని బట్టే ఇక్కడి తేదీ తేలింది. 2011లో మళ్ళీ అటునుంచి ఇటు: జపాన్ సునామీకి మిసావా రేవులో తెగిపోయిన కాంక్రీటు డాకు, 2012 జూన్‌లో న్యూపోర్ట్ దగ్గర అగేట్ బీచ్‌కి కొట్టుకొచ్చింది. దాని ముక్కొకటి ఈ సెంటర్ వాళ్ళు దాచి పెట్టారు.

సునామీ వస్తే ఎక్కి తప్పించుకోవడానికని, ఇదే ఆవరణలో 2020లో తెరిచిన కొత్త భవనం కప్పు మీద 900 మందికి పైగా నిలబడేలా కట్టారు. బయట్నుంచి వాలుదారి ఉంది, చక్రాల కుర్చీ కూడా ఎక్కుతుంది. మామయ్యగారు మోకాళ్ళు తడుముకుని, "మెట్లు లేవు, మంచి పని చేశారు" అన్నారు. మన హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం నుంచి కూడా హిందూ మహాసముద్రం దేశాలకి సునామీ హెచ్చరికలు వెళ్తాయని ఆయనే పిల్లలకి చెప్పారు. హైదరాబాదులో సముద్రమెక్కడిది తాతయ్యా, అని మా అమ్మాయి.

ఇక అత్తయ్యగారు. ఇంతసేపూ మర్యాదగా చూసిన ఆవిడకి, బయట చేపలు పట్టే వంతెన మీద ఒకాయన పీతల బుట్ట పైకి లాగగానే ప్రాణం లేచొచ్చింది. దగ్గరికెళ్ళి, పీత పొట్టకింది మడత చూసి, "ఇది ఆడదమ్మా" అన్నారు. మడత సన్నగా ఉంటే మగ, వెడల్పుగా ఉంటే ఆడ. ఆయన కొలబద్ద తీయకుండానే దాన్ని నీళ్ళలోకి వదిలేశాడు. ఇక్కడ డంజినెస్ పీతల్లో మగవే ఉంచుకోవాలి, అవీ అయిదు ముప్పాతిక అంగుళాల వెడల్పుండాలి. "మా భీమిలిలో గుడ్ల పీతంటే కొట్టుకుంటారు, ఈయన పారేస్తాడేంటే!" అని అత్తయ్యగారు. గుడ్లు పెట్టేదాన్ని తినేస్తే వచ్చే ఏడు పీతలెక్కణ్ణించి వస్తాయని మామయ్యగారు. ఆ వాదన తిరుగుదారిలో సేలం ఊరు దాటేదాకా సాగింది.

అన్నట్టు, బయల్దేరేముందు రేవులో రెండు మగ పీతలు కొన్నాం. ఇక్కడివాళ్ళు ఉడకేసి వెన్నలో ముంచుకుని తింటారు, బానే ఉంటుంది. అత్తయ్యగారి అల్లం వెల్లుల్లి ఇగురు ముందు మాత్రం అది నిలవదు. మీరూ వెళ్తే ఐసు పెట్టె మర్చిపోకండి, కారులో వాసన ఓ పట్టాన పోదు.