నూతి గట్టు మీద కెమెరా

మా పెరట్లో నేను తీసిన ఫొటోలన్నిటికీ అడుగున ఒక మసక చార ఉంటుంది. చూసినవాళ్లు ఫిల్ము పాడైందనుకుంటారు. అది మా నూతి గట్టు. కెమెరా చేత్తో పట్టుకుంటే నా గుండె దడకి బొమ్మ అదిరిపోయేది. అందుకని గట్టు మీద పెట్టి, రెండు చేతులతో అదిమి, ఊపిరి బిగబట్టి మీట నొక్కేదాన్ని. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దగా, నలుచదరంగా ఉండే ఆ బొమ్మలు ఇప్పుడు నా దగ్గర నలభై ఒకటి మిగిలాయి.

మా ఊరు నరసాపురానికి దగ్గర, వశిష్ఠ గోదావరి ఏటిగట్టు కింద. 1979 వానల్లో నాకు తొమ్మిదేళ్లు. ముందు గొంతు నొప్పి వచ్చింది. మిరియాల కషాయం తాగి, ఉప్పునీళ్లు పుక్కిలిస్తే తగ్గింది. మూడు వారాల తర్వాత ఒక రోజు పొద్దున్నే లేవబోతే కుడి మోకాలు కుండలా వాచి ఉంది. రెండు రోజులకి మోకాలు తగ్గి చీలమండ వాచింది. అది తగ్గి మోచేయి. నొప్పి ఇల్లు మారుతున్నట్టు ఒక కీలు ఖాళీ చేసి ఇంకో కీలులో దిగేది. మా మామ్మ ఇది వాతమని వావిలాకు వేసి నీళ్లు కాచి కాపడం పెట్టింది. ఆవిడ చేతి వెచ్చదనం ఇప్పటికీ మోకాలి మీద ఉన్నట్టే ఉంటుంది. కానీ ఆ కాపడం చేరలేని చోట జబ్బు అప్పటికే చేరిపోయింది.

నరసాపురంలో డాక్టరుగారు నా రొమ్ము మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. తర్వాత గొట్టాలు నా చెవుల్లో పెట్టి, "విను, నీ గుండే" అన్నారు. రెండు చప్పుళ్ల మధ్య సన్నగా, తలుపు సందులోంచి గాలి దూరినట్టు ఒక శబ్దం. గొంతులో చేరిన సూక్ష్మజీవితో ఒళ్లు చేసే పోరాటం దారితప్పి కీళ్ల మీద, గుండె మీద పడుతుందని, కీళ్లు బాగవుతాయి గాని గుండెలో దెబ్బతిన్న కవాటం మళ్లీ మామూలు కాదని ఆయన నాన్నకి చెప్పారు. మళ్లీ అలాంటి గొంతు నొప్పి రాకుండా కాపాడుకోవడమే అసలు వైద్యం. అందుకు 21 రోజులకోసారి పెన్సిలిన్ సూది, ఏళ్ల తరబడి. పరుగులు లేవు, తాడాట లేదు, మెట్లు ఎక్కి దిగడం లేదు. కొన్నాళ్లు బడి కూడా లేదు.

ఇంటికొచ్చాక నాన్న వీధి తలుపు గడియపెట్టి అమ్మతో ఒక్కటే మాట అన్నారు. "ఈ సంగతి గుమ్మం దాటకూడదు."

ఆ మాటకి ఆయన మీద నాకు ఎప్పుడూ కోపం రాలేదు. గుండెజబ్బు పిల్ల అని పేరు పడితే రేపు పెళ్లి ఎలాగని ఆయన భయం. ఆ రోజుల్లో మా చుట్టుపక్కల ఆ భయం లేని ఇల్లు లేదు. అలా మా ఇంటికి రెండు ముఖాలయ్యాయి. వీధి అరుగు మీద నేను "కాస్త నీరసంగా ఉన్న" పిల్లని. పెరట్లో నేను నేనే. ఆయాసం వస్తే నూతి పళ్లెంలో కూర్చోవచ్చు, ఏడుపొస్తే గేదె మెడ పట్టుకుని ఏడవచ్చు. అందుకే నాకు చిన్నతనం అంటే పెరడే. నుయ్యి, గిలక, కుడితి గోలెం, రెండు కొబ్బరి చెట్లు, ఒక ములగ చెట్టు, గోడ వారగా అమ్మ కనకాంబరాలు, ఆ చివర చెక్క తలుపున్న దొడ్డి గుమ్మం.

సూది మందు వచ్చేది ఆ గుమ్మంలోంచే. కంపౌండరు గారు పొద్దున్న ఏడూ ఏడున్నర మధ్య, వీధిలో ఆడవాళ్లు కాలవకి వెళ్లిన వేళ చూసుకుని, సైకిలు సందులో ఆపి తలుపు మెల్లగా తట్టేవారు. అప్పటికే అమ్మ గాజు సిరంజి, సూదులు ఇత్తడి గిన్నెలో మరగబెట్టి గుడ్డ కప్పి ఉంచేది. చిన్న సీసాలో తెల్లటి పొడి. దాంట్లో నీళ్లు ఎక్కించి ఆయన రెండు అరచేతుల మధ్య దొర్లించేవారు. అది చిక్కటి పాలలా తయారయ్యేది. ముందు ముంజేతి మీద చర్మం కింద ఒక్క చుక్క. అక్కడ దద్దురు లేస్తుందేమోనని చూస్తూ కూర్చోవాలి. ఆ కాసేపూ అమ్మ నా చేతి మీంచి చూపు తిప్పేది కాదు. ఏమీ లేదని తేలాక తుంటికి అసలు సూది. మందు చిక్కన, ఆలస్యమైతే సూదిలోనే ఇరుక్కుపోతుంది, అప్పుడు మళ్లీ గుచ్చాలి. "బిగబట్టకండి అమ్మాయిగారూ, ఊపిరి వదిలేయండి, బిగిస్తే నొప్పెక్కువ. ఆయ్, అయిపోయిందండి" అనేవారు. అవ్వకముందే అనేవారు. ఆ రోజంతా కాలు ఈడ్చుకుంటూ నులకమంచం మీదే ఉండేదాన్ని. అమ్మ వేంకట్రామా వారి క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి, ఇరవై ఒకటి లెక్కపెట్టి ఇంకో సున్నా చుట్టేది. పండగలు, అమావాస్యలు మా ఇంట్లో ఆ సున్నాల మధ్యే వచ్చి పోయేవి.

మందులు సూదితో అయిపోలేదు. మొదటి నెలల్లో ఆస్పిరిన్ బిళ్లలు ఎక్కువ మోతాదులో ఇచ్చారు. అవి వేసుకుంటే చెవుల్లో రోజంతా ఈలలు. ఉప్పు తగ్గించమన్నారు. నేను చప్పిడి పప్పు తినలేక కంచం ముందు కూర్చుని ఉంటే అమ్మ కూడా తన అన్నంలో అదే కలుపుకునేది. ఆవకాయ జాడీ అటకెక్కింది. ఇంటిల్లిపాదీ దాని ఊసెత్తలేదు. మా తమ్ముడికి అప్పుడు ఆరేళ్లు, వాడు కూడా.

మరుసటేడు సంక్రాంతికి మావయ్య వచ్చాడు. విశాఖపట్నం షిప్‌యార్డులో పని. తోలు తొడుగులో ఉన్న ఆగ్ఫా క్లిక్ 3 నా ఒళ్లో పెట్టి, "పరిగెత్తకుండా ఆడుకునే ఆట ఇదొక్కటే అమ్మడూ" అన్నాడు. లెన్సు పక్కన ఎండకో గుర్తు, మబ్బుకో గుర్తు. వెనక వైపు చిన్న ఎర్రటి కిటికీ. పక్కనున్న మర తిప్పుతుంటే ఆ కిటికీలో ఫిల్ము వెనక కాగితం మీద అచ్చేసిన అంకెలు ఒక్కొక్కటే వచ్చి నిలబడేవి. ఒకటి నుంచి పన్నెండు దాకా. పన్నెండు అయితే రీలు అయిపోయినట్టు. సూర్యుడు నీ వీపు వెనక ఉండాలి, మనిషి ఆరడుగుల అవతల ఉండాలి, నొక్కేటప్పుడు కదలకూడదు. మావయ్య చెప్పిన పాఠం అంతే. డాక్టరుగారు వద్దన్నవన్నీ కెమెరా కూడా వద్దంది. కదలొద్దు, తొందరపడొద్దు. కాకపోతే కెమెరా అలా అన్నప్పుడు నాకు బాధ కలగలేదు.

మొదటి రీలు నేనే పాడుచేశాను. ఏడో అంకె దగ్గర బొమ్మలు పడ్డాయో లేదో చూద్దామని వెనక మూత తెరిచాను. స్టూడియో ఆయన నల్లగా మాడినట్టున్న ఫిల్ము ఎత్తి చూపించి, "ఎండ తినేసిందమ్మా" అన్నారు. రెండు రోజులు అన్నం సహించలేదు. అప్పుడు అమ్మ ఒక ఒప్పందం చేసింది. ఏడవకుండా సూది వేయించుకుంటే సూదికో రీలు.

ఆ డబ్బు అమ్మ లేసుది. నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు ఇంటిపని తెమిలాక లేసు అల్లడం అందరికీ తెలిసిందే. ఏజెంటు దారం ఉండలు తూచి ఇచ్చేవాడు, అల్లిన పువ్వులు మళ్లీ తూచి తీసుకునేవాడు. చేతికొచ్చేది చాలా తక్కువ. అమ్మ నాకు కాపలాగా నూతి దగ్గర పీట వేసుకుని, కాళ్లు చాపుకుని, చూడకుండానే అల్లేది. చూపు నా మీద, వేళ్లు దారం మీద. ఊటీలో తయారైన ఇందూ ఫిల్ము రీలు ఒకటి కొనాలంటే ఆవిడ ఎన్ని పువ్వులు అల్లాలో నేను పెద్దయ్యాక లెక్క వేసుకున్నాను. ఆ లెక్క ఇక్కడ రాయలేను.

పన్నెండు బొమ్మలు ఇరవై ఒక్క రోజులు రావాలి. అందుకని తీసే ముందు చాలాసేపు చూసేదాన్ని. పొద్దున్న ఎనిమిదింటికి కొబ్బరి మట్ట నీడ గోడ మీద దువ్వెన పళ్లలా పడి, తొమ్మిదయ్యేసరికి కుడితి గోలెం మీదికి వంగేది. వర్షం వెలిశాక గిలక తాడు చివర ఒక బొట్టు జారకుండా వేలాడేది. మామ్మ పిడక కొట్టి చెయ్యి తీశాక గోడ మీద ఐదు వేళ్ల అచ్చు. ఇవన్నీ ఒక పాత నోటుబుక్కులో అంకెలు వేసి రాసుకునేదాన్ని. నాలుగు, మామ్మ చెయ్యి. ఐదు, గేదె, కళ్లు మూసింది. తమ్ముడు మాత్రం ఆగేవాడు కాదు. "నువ్వు పరిగెత్తలేవుగా అక్కా, నేను పరిగెడతా, తియ్యి" అని ములగ చెట్టు నుంచి నూతి దాకా దూసుకొచ్చేవాడు. ఆ కెమెరా అంత వేగాన్ని పట్టలేదు. వాడు తెల్లటి పొగలా పడ్డాడు, చెట్టు మాత్రం ఆకు ఆకుగా కనిపిస్తోంది. ఆ ఫొటో చూసి వాడు ఏడ్చాడు. నాకు మాత్రం వాడివన్నిటిలో అదే ఇష్టం.

రీలు అయిపోతే నాన్న తీసుకెళ్లేవారు. ఆడపిల్లకి కెమెరా ఎందుకని మొదట్లో విసుక్కున్న మనిషే, ఎండ తగులుతుందేమోనని రీలుని తుండుగుడ్డలో చుట్టి చొక్కా లోపల పెట్టుకుని సైకిలెక్కేవారు. ఒకసారి నన్ను కూడా బస్సులో నరసాపురం తీసుకెళ్లారు. స్టూడియో ఆయన ఎర్ర దీపం గదిలోకి రానిచ్చారు. హైపో వాసన ముక్కుపుటాల్లో గుచ్చుకుంది. తెల్లకాగితం నీళ్లలాంటి మందులో వేసి ట్రే అటూ ఇటూ ఊపుతున్నారు. ముందు ఏమీ లేదు. తర్వాత నూతి గిలక ఒక మచ్చలా, తర్వాత తాడు, తర్వాత ఆకాశం కాని చోటంతా. నాన్న నా వెనక నిలబడి, "మన నుయ్యేనా అది!" అన్నారు. ఆ గొంతు నేను అంతకు ముందు వినలేదు.

1986 ఆగస్టులో గోదావరికి పెద్ద వరద వచ్చింది. భద్రాచలం దగ్గర నీళ్లు 75 అడుగులు దాటాయని రేడియోలో చెప్పారు. ఏటిగట్టుకి గండిపడి మా వీధిలోకి నడుం లోతు నీళ్లొచ్చాయి. నాన్న బల్ల సొరుగులో దాచిన నెగటివులన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి, విడదీస్తుంటే బొమ్మ పొర ఊడి వేలికి వచ్చింది. ములగ చెట్టు పడిపోయింది. అటక మీద అమ్మ దారం డబ్బాలో పెట్టిన కాంటాక్టు ప్రింట్లు మాత్రం మిగిలాయి. వాటిని దారం ఉండల మధ్య ఎందుకు దాచావని అడిగితే, "తడి చేరదని" అంది.

తర్వాతి సంగతులు త్వరగా చెప్పేస్తాను. నా పెళ్లి మాటలప్పుడు జబ్బు సంగతి నేనే ఎదురుగా కూర్చుని చెప్పాను. నాన్న తల దించుకున్నారు. ఎదుటి మనిషి మాత్రం, "ఆ మందు ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగారు, అంతే. 1996లో హైదరాబాదులో తొడ దగ్గర రక్తనాళం గుండా బెలూను పంపి, బిగుసుకుపోయిన కవాటాన్ని విడదీశారు. మొదటిసారి మెట్లు ఆగకుండా ఎక్కిన రోజు పైమెట్టు మీద నిలబడి అమ్మకి ఫోను చేశాను.

ఇప్పుడు అమ్మ లేదు. ఆ నలభై ఒక్క ఫొటోలూ బల్ల మీద పరిచి చూస్తుంటాను. చాలావాటిలో అమ్మ ఉంది, ఒక్కదాంట్లోనూ సరిగ్గా లేదు. అంచున మసగ్గా ఒక మోచేయి, ఒక చీర కుచ్చెళ్ల మడత, తెల్లటి దారం గీత. "ఆరడుగులు దూరం వెళ్లమ్మా, నీ ఫొటో తీస్తా" అని ఎన్నిసార్లు బతిమాలానో. "నేనటు వెళ్లాక నీకు ఆయాసం వస్తేనో?" అనేది. పీట నా పక్కనుంచి కదిలేది కాదు.

ఒక్కటి మాత్రం ఉంది. నోటుబుక్కు కూడా వరదలో పోయింది కాని అందులో రాసుకున్నది గుర్తుంది: తొమ్మిది, అమ్మ, దొడ్డి గుమ్మం. అది సూది రోజు. తలుపు చప్పుడైతే అమ్మ అల్లిక పీట మీద పడేసి వెళ్లింది. నేను నూతి గట్టు మీద కెమెరా పెట్టి ఉన్నాను. ఎండ నా వీపు వెనకే ఉంది. అమ్మ తలుపు సగం తెరిచి, తల బయటికి పెట్టి, సందులో ఎవరైనా చూస్తున్నారేమోనని చూస్తోంది. ముఖం కనిపించదు. భూతద్దం పెట్టి చూస్తే కొప్పులో గుచ్చిన లేసు సూది కనిపిస్తుంది, జాకెట్టు చేతి మీద వేసిన మాసిక కనిపిస్తుంది. కుడి చెయ్యి తలుపు మీద. ఎడమ చెయ్యి మాత్రం వెనక్కి, నూతి వైపు చాపి ఉంది, అరచెయ్యి విప్పి, నన్ను అక్కడే ఉండమన్నట్టు.