పదహారు గంటల రాత్రి

బెంగుళూరులోనే పుట్టి, బెంగుళూరులోనే గుమాస్తా పని చేసుకొంటూ నలభై అయిదేళ్లు గడిపిన మాబోటివారికి దూరప్రయాణమంటే కాచిగూడ ఎక్స్‌ప్రెస్సే. రాత్రి ఎక్కి, దుప్పటి పరచుకొని, తెల్లవారి దిగి పళ్లు తోముకోవడం. ఆరడుగుల బెర్తు ఉంటే మనిషికి నిద్రకేం లోటు? ఆ బెర్తు లేకుండా, కూర్చున్నచోటనే పదహారు గంటలు గడపవలసిన రాత్రి మాకు క్రిందటి జనవరిలో తటస్థించింది.

మా చెల్లెలు అమెరికాలో డల్లాసులో ఉంటున్నది. తొలి కాన్పు. అమ్మ వెళ్లితీరాలి. ఆమెకు డెబ్బై రెండేళ్లు; రక్తపు పోటు ఉన్నది; తెలుగూ కన్నడమూ తప్ప మరో భాష రాదు. ఒంటరిగా పంపడానికి మనసొప్పక మేము ఆఫీసులో సెలవు పెట్టి వెంట బయలుదేరాము. బెంగుళూరు నుంచి దుబాయికి నాలుగు గంటలు. అక్కడ మూడు గంటలు ఆగి, మళ్లీ డల్లాసుకు పదహారు గంటలు. బయలుదేరే రెండు రోజుల ముందే ఆడపిల్ల పుట్టిందని కబురు వచ్చింది. ఇక అమ్మకు కాలు నిలవలేదు.

టిక్కెట్లు కొన్ననాటి నుంచీ సలహాలకు కొదువ లేదు. "నిద్రమాత్ర ఒకటి పడేసుకోండి, కళ్లు తెరిచేసరికి అమెరికా" అని ఆఫీసులో నలుగురన్నారు. వీధి చివర మందుల షాపుకు వెళ్లి అడిగాము. ఆయన తల అడ్డంగా ఊపి ఒక రిజిస్టరు తీసి చూపించాడు. 2014 మార్చి నుంచి అల్ప్రజోలం, జోల్పిడెం వంటి మాత్రలు అమ్మితే చీటీ వ్రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చినదీ అందులో ఎక్కించాలి. ఆ పుస్తకాన్ని మూడేళ్లు దాచాలి. మా ఆఫీసు రిజిస్టర్లకు ఏమాత్రమూ తీసిపోదు. చీటీ లేనిదే మాత్ర లేదన్నాడు.

చీటీ కోసం మా డాక్టరమ్మ దగ్గరకు వెళ్లితే ఆమె అసలుకే ఎసరు పెట్టింది. "మాత్ర వేసుకొని పడుకున్న మనిషి కదలడు. కాళ్లు వేలాడదీసి గంటల తరబడి కదలక కూర్చుంటే పిక్కలో రక్తం గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదకు వస్తుంది" అన్నది. నాలుగు గంటలు మించిన ప్రయాణంలో ఈ అపాయం దాదాపు రెట్టింపవుతుందనీ, అయినా ఆరువేల మందిలో ఒకరికి వచ్చేపాటిదేననీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో లెక్క తేల్చిందట. "భయపడవద్దు, కాని నడిపించండి. నిద్రమాత్ర పెద్దవాళ్లను తూలి పడేటట్టు చేస్తుంది. పైగా కొన్ని మత్తుమందులను దుబాయిలో అనుమతి లేకుండా తీసుకుపోవడమే నేరం" అని, కాళ్లకు బిగువైన మేజోళ్లు మాత్రం వ్రాసి ఇచ్చింది.

ఇంతవరకు బాగానే ఉన్నది. మేము చేసిన తెలివితక్కువ పని ఇక్కడే మొదలయింది. మా పెద్దమ్మగారి కోడలు వీడ్కోలు చెప్పవచ్చి, "ఇది నిద్రమాత్ర కాదు బావగారూ, జలుబు మాత్ర. మత్తు తెప్పిస్తుంది, అంతే. చీటీ అక్కరలేదు" అంటూ ఒక అట్ట చేతిలో పెట్టింది. జలుబు మాత్రకు భయమేమిటనుకున్నాము. డాక్టరమ్మను అడగలేదు. అడిగితే వద్దంటుందని లోపల తెలిసే అడగలేదేమో! దేవనహళ్లిలో రాత్రి తొమ్మిదిన్నరకు విమానం కదలగానే అమ్మ చేత ఒకటి మ్రింగించాము. అరగంటలో గుర్రు పెట్టింది. మా ఉపాయానికి మేమే మురిసిపోయాము.

దుబాయిలో దిగేవేళకు లేపితే లేవలేదు. రెండు చేతులా పట్టి నిలబెడితే తూలింది. నోరు ఎండిపోయి మాట ముద్దగా వస్తున్నది. విమానపు సిబ్బంది చక్రాల కుర్చీ తెప్పించారు. ఆ కుర్చీలో కూర్చుని అమ్మ చుట్టూ చూసి, "ఒరేయ్, మీ నాన్నగారు ఎక్కారా? టిక్కెట్లు ఆయన దగ్గరే ఉన్నాయి" అన్నది.

మా నాన్నగారు పోయి ఆరేళ్లయింది.

ఆ క్షణాన మాకు డల్లాసూ లేదు, చెల్లెలూ లేదు. విమానాశ్రయంలోని వైద్యశాలలో ఒక మలయాళీ నర్సు పోటు చూసి, మా జేబులోని అట్ట పుచ్చుకొని పేరు చదివి, మా ముఖం వంక ఒక్క చూపు చూసింది. పాతరకం జలుబు మాత్రలు ముసలివారికి మెదడు మసకబారేటట్టు చేస్తాయనీ, నోరు ఎండటం కూడా దాని గుణమేననీ చెప్పింది. కొంచెం కొంచెంగా నీళ్లు త్రాగించమన్నది. రెండు గంటలకు అమ్మ తేరుకొని, "ఇదేనా అమెరికా?" అని అడిగింది. డాక్టరు మళ్లీ చూసి వెళ్లవచ్చునన్నాడు. ఆ అట్టను చెత్తబుట్టలో వేసి మేము విమానం ఎక్కాము.

తెల్లవారుజామున బయలుదేరి పడమటికి పోతున్నాము కాబట్టి సూర్యుడు మమ్మల్ని అందుకోలేకపోయాడు. అంత పొడుగు రాత్రి మేమెన్నడూ చూడలేదు. విమానంలోని గాలి మనం ఊటీ మీద పీల్చే గాలి మాదిరి పలుచనిది. తేమ మాత్రం ఎడారిలో కన్నా హెచ్చేమీ ఉండదు. అందుకే గొంతు, కళ్లు ఎండుతాయి. ప్రక్క సీటు ఆసామి వరుసగా మూడు గ్లాసులు సారా పుచ్చుకొని పడుకున్నాడు. రెండు గంటలకే లేచి నీళ్లో అని అలమటించాడు.

నడవ వైపు సీటు అమ్మకిచ్చాము. శాలువ చుట్టచుట్టి మెడ ప్రక్కన, చిన్న దిండు నడుము వెనుక పెట్టి, పాదాల క్రింద మా చేతిసంచి ఉంచాము. వేలాడే పాదానికి ఆధారం దొరికితే నడుముకు సగం నొప్పి తగ్గుతుంది. కళ్లకు పట్టీ కడితే ఊపిరాడటం లేదని తీసివేసి, చీరకొంగు కప్పుకొన్నది. రెండు గంటలకొకసారి వెనుక వంటగది దాకా నడిపించాము. మూడోసారి నడకలో అమ్మే అడిగింది: "ఇందాక ఏమన్నాను రా నేను?" చెప్పాము. కొంతసేపు మాట్లాడలేదు. తర్వాత, పెళ్లయిన కొత్తలో గుంతకల్లు జంక్షన్‌లో నాన్నగారు కాఫీకని దిగి బండి తప్పిపోవడమూ, టిక్కెట్లు ఆయన జేబులో ఉండిపోవడమూ, తాను హిందూపురం దాకా ఏడుస్తూ రావడమూ చెప్పింది. మాకు తెలియని కథ. చెబుతూ చెబుతూనే మా భుజం మీద తల వాల్చి నాలుగు గంటలు నిద్రపోయింది. మేము రెప్ప వాల్చలేదు. భుజం మొద్దుబారింది, కాని కదిలించలేదు.

డల్లాసులో ఇంటికి చేరగానే మా బావ ఒక సీసా తెచ్చాడు. మెలటోనిన్ అట, తియ్యని బిళ్లలు. చీకటి పడగానే మెదడులో సహజంగా ఊరే పదార్థమే అది. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో లెర్నర్ అనే ఆయన వేరుచేశాడు. అక్కడ మందుగా గాక ఆహారపు సరుకుగా అంగడిలో అమ్ముతారు. అందుచేత సీసా మీద వ్రాసిన మోతాదుకు పూచీ తక్కువ. ఇటువంటి 25 రకాల బిళ్లలను 2023లో పరీక్షిస్తే 22 రకాలలో చీటీకీ సరుకుకూ పొంతన లేదు. ఒకదానిలో అసలు సరుకే లేదు. ఈసారి మేము అడగకుండా ఊరుకోలేదు. బెంగుళూరుకు ఫోను చేశాము. "పోటు మాత్రలు వాడుతున్నది గదా, వద్దు. పగలు ఎండలో తిప్పండి, పది రోజులలో అదే సర్దుకొంటుంది" అన్నది డాక్టరమ్మ.

ఆ పది రోజులూ రాత్రి రెండింటికి అమ్మ కళ్లు విప్పేది. మన దగ్గర అప్పుడు మధ్యాహ్నం ఒకటిన్నర. సరిగా ఆ వేళకే చంటిది కూడా లేచేది. పాలు పట్టించి తల్లి దగ్గరనుంచి తీసుకొని, తెల్లవారేదాకా ఒళ్లో వేసుకొని కూర్చునేది అమ్మ. కాన్పు అయిన తరువాత మా చెల్లెలు కడుపునిండా నిద్రపోయింది ఆ రాత్రులలోనే. పదకొండో రోజున అమ్మ ఎవరూ లేపకుండా పొద్దున ఆరింటిదాకా పడుకున్నది. చెల్లెలు ఎర్రబడ్డ కళ్లతో వంటింట్లోకి వచ్చి, "అయ్యో, అమ్మకు నిద్ర కుదిరిపోయిందే!" అన్నది.