డిట్రాయిట్ మాంత్రికుడూ... మా నాన్న క్యాబినూ!

"డీజేలదేముందండీ! ఎవరో చేసిన పాటని తెచ్చి వేస్తారు. అదీ ఒక కళేనా?"

ఈ మాట అన్నది మరెవరో కాదు, సాక్షాత్తూ నేనే. కొన్నేళ్ళ క్రితం ఒక స్నేహితుడి పెళ్ళిలో, రెండు చెవులూ మూసుకుని మరీ అన్నాను. ఆ మాట ఇవాళ వెనక్కి తీసుకుంటున్నాను. ఎందుకో చెబుతాను, వినండి.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఒక వ్యాసం రాయాల్సి వచ్చి టెక్నో సంగీతం గురించి చదవడం మొదలెట్టాను. మీలో కొందరికి తెలిసే వుంటుంది. పల్లవి వుండదు, చరణం వుండదు, చాలాసార్లు గొంతే వుండదు. నిమిషానికి 130 పైచిలుకు డ్రమ్ము దెబ్బలు... అంతే! దీని పుట్టిల్లు అమెరికాలో కార్లకి పేరుపడ్డ డిట్రాయిట్ నగరం. ఆ పక్కనే వున్న బెల్‌విల్‌లో కలిసి చదువుకున్న ముగ్గురు నల్లజాతి కుర్రాళ్ళు, జువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్, 1980ల నడుమ దీనికి శ్రీకారం చుట్టారు. అదే నగరంలో జెఫ్ మిల్స్ అనే యువకుడు రేడియోలో 'విజార్డ్' అనే పేరుతో రికార్డులు వేసేవాడు. విజార్డ్ అంటే మాంత్రికుడన్నమాట!

వీళ్ళది 'అండర్‌గ్రౌండ్' సంగీతం. పెద్ద కంపెనీల పబ్లిసిటీ వుండదు. చీకటి హాలు, పెద్ద స్పీకర్లు, నల్ల రికార్డులు. బెర్లిన్‌లో అయితే ఆ మాట అక్షరాలా నిజం. అక్కడ గోడ కూలిపోయాక, 1991లో 'ట్రెసోర్' క్లబ్బు ఎక్కడ తెరిచారనుకున్నారు? ఒకప్పటి డిపార్ట్‌మెంటు స్టోరు కింద, భూగర్భంలో వున్న ఖజానా గదుల్లో! మిల్స్ రికార్డులు కొన్ని ఆ క్లబ్బు పేరుమీదే వచ్చాయి.

ఇంతకీ డీజే చేసే పనేమిటి? ఎదురుగా రెండు టర్న్‌టేబుళ్ళు. ఒకదాని మీద రికార్డు జనానికి వినిపిస్తూ వుంటుంది. రెండోదాన్ని హెడ్‌ఫోనులో తనొక్కడే వింటూ, రెండింటి దెబ్బలూ ఒక్కటయ్యేలా వేగం సర్దుతాడు. డీజేలు ప్రాణంగా చూసుకునే టెక్నిక్స్ 1200 మార్క్ 2 మీద (1979లో వచ్చింది లెండి) వేగాన్ని 8 శాతం దాకా పెంచే, తగ్గించే మీట వుంటుంది. దెబ్బకి దెబ్బ కలిశాక, జనానికి తెలియకుండా ఒకదాన్లోంచి ఇంకోదాన్లోకి జారిపోవాలి.

ఇది చదవగానే నా గుండె ఝల్లుమంది. ఎందుకంటే ఈ పని నేను చిన్నప్పుడే చూశాను... మా ఊరి సినిమా హాలు క్యాబిన్లో!

మా నాన్న ఆపరేటరు. క్యాబిన్లో రెండు ప్రొజెక్టర్లు. ఒకదాన్లో రీలు అయిపోవస్తుంటే తెర పైన కుడి మూల చిన్న మచ్చ పడుతుంది. వెంటనే రెండో మిషను మోటారు వెయ్యాలి. ఏడెనిమిది సెకన్లకి రెండో మచ్చ. ఠక్కున మార్చాలి. సరిగ్గా మారిస్తే హాల్లో ఒక్కడికీ తెలీదు. తప్పితే ఊరంతటికీ తెలుస్తుంది!

ఒకరోజు తప్పింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. క్లైమాక్సు ఫైటు మధ్యలో తెర తెల్లబడిపోయింది. ఒకటే ఈలలు, తిట్లు. "మీ నాన్నేరా!" అన్నాడు పక్కనున్న నా క్లాసువాడు. నేను సీటు కిందకి దూరాను. ఆ తర్వాత ఎవరడిగినా "మా నాన్నకి ఉద్యోగం" అని ఊరుకునేవాణ్ణి. మీటలు నొక్కేవాళ్ళంటే చులకన నాకు అప్పుడే పట్టుకుంది కాబోలు.

సరే, మాంత్రికుడి దగ్గరికి వద్దాం. 1995లో టోక్యోలోని లిక్విడ్ రూమ్ క్లబ్బులో మిల్స్ చేసిన మిక్సు 1996లో విడుదలైంది. రెండు కాదు, మూడు టర్న్‌టేబుళ్ళు! గంట పైచిలుకులో ముప్పైకి పైగా రికార్డులు! ఒకటి చెవికెక్కేలోగా ఇంకోటి దూసుకొస్తుంది. జనం కేకలు వినిపిస్తూనే వుంటాయి. అక్కడక్కడా ఒక దెబ్బ పక్కకి జారుతుంది, గుర్రం అడుగు తప్పినట్టు. మరుక్షణం సర్దుకుని పరుగు!

దీనికి పూర్తిగా ఎదురు రిచీ హాటిన్. డిట్రాయిట్‌కి నది అవతల, కెనడాలోని విండ్సర్‌లో పెరిగినవాడు. 2001లో వచ్చిన అతని 'డీఈ9: క్లోజర్ టు ది ఎడిట్' కోసం వంద పైగా రికార్డుల్ని తీసుకుని, మూడొందల పైచిలుకు ముక్కలు చేసి, కంప్యూటరు మీద కూర్చాడు. ఎంత వెతికినా అతుకు దొరకదు. అది కంసాలి పనితనం. మిల్స్‌ది తీగ మీద నడక. వేసేది ఎవరి రికార్డులైనా, మిక్సులో బయటపడేది వేసినవాడి స్వభావమే! హాటిన్ అంటే నాకు గౌరవం. మిల్స్ అంటే ప్రాణం.

మిల్స్ మిక్సు చేస్తుంటే కెమెరాలతో అతని చేతుల్ని చిత్రించిన 'ఎగ్జిబిషనిస్ట్' అనే డీవీడీ 2004లో వచ్చింది. కిందటి సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అది నాన్నకి చూపించాను. హాలు మూతపడి చాలాకాలమైంది. నాన్న ఇంట్లోనే వుంటున్నాడు.

మొదట ఆ చప్పుడుకి మొహం చిట్లించాడు. తర్వాత మెల్లగా ముందుకి వంగాడు. "ఇప్పుడు మారుస్తాడు చూడు" అన్నాడు. మార్చాడు! ఇంకోసారి అన్నాడు. మళ్ళీ మార్చాడు!

"ఇంత వేగంగా మారిస్తే ఎప్పుడో ఒకప్పుడు తప్పుతుందిరా."

"తప్పుతుంది నాన్నా. అయినా ఆపడు."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ రోజు నేను మచ్చ చూశానురా. రెండో మిషన్లో కార్బన్ విరిగింది" అన్నాడు. ఏ రోజని నేను అడగలేదు. "తెర తెల్లబడితే హాలంతా వెలుగేగా. నువ్వు సీటు కిందకి దూరడం కన్నంలోంచి కనిపించింది."

ఇన్నేళ్ళూ ఆ సంగతి మనసులోనే పెట్టుకున్నాడు! నాకు గొంతు పెగల్లేదు. "తప్పయింది నాన్నా" అన్నాను ఎలాగో. విన్నాడో లేదో, చూపు మాత్రం ఆ చేతుల మీదే వుంది.

"మూడు మిషన్లకీ ఒక్కడేనా ఆపరేటరు?"

"ఒక్కడే."

"అసిస్టెంటు కూడా లేడా? పాపం!" అని, కుర్చీ ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. "ఏదీ, మళ్ళీ మొదట్నుంచి పెట్టు."