టోకియోలో ఒక చలికాలం

"అమ్మను నా దగ్గరకు పంపించు" అని మా తమ్ముడు టోకియో నుంచి మూడేళ్లుగా పోరు పెడుతున్నాడు. సీతంపేట కొండల చలికే కుంపటి విడవని మనిషి, డెబ్బయి దాటినది, అక్కడ ఎలా వుండగలదు? ముందు నేనే వెళ్లి చూసి వద్దామని కాలేజీకి సెలవు పెట్టి, జనవరిలో విమానమెక్కాను.

జపాను అనగానే మంచు పేరుకున్న వీథులను వూహించుకున్నాను. తీరా చూస్తే నిర్మలమైన ఎండ! సైబీరియా నుంచి వచ్చే చలిగాలి జపాను సముద్రం మీద తేమను తాగి, దాన్నంతా పడమటి తీరాన, నడుమనున్న కొండల మీద మంచుగా కురిపించి, వట్టిచేతులతో టోకియో చేరుతుందట. అందుచేత ఆకాశం తేటగా వుంటుంది. ఉదయం పూట ఎత్తైన మేడలెక్కితే ఫూజీ పర్వతం సైతం కనుపిస్తుంది. కాని ఆ ఎండను నమ్మరాదు. వీథి మలుపు తిరిగితే గాలి చెవులు కోసేస్తుంది. సాయంత్రం అయిదు కాకుండానే పొద్దు గుంకుతుంది.

తమ్ముడుండే నిషికసాయిలో భారతీయులు చాలామంది. కందిపప్పుకు, చింతపండుకు లోటు లేదు. వాడింట్లో నాకు నచ్చినది 'కొతాత్సు'. పొట్టిబల్ల, దాని అడుగున విద్యుత్తు కుంపటి, చుట్టూ నేలదాకా వేలాడే బొంత. పూర్వం అందులో బొగ్గులే వేసేవారట. కాళ్లు లోపల పెట్టుకుని కూర్చుంటే లేవబుద్ధి కాదు. అమ్మకిది నచ్చి తీరుతుందనుకున్నాను. వీపు మాత్రం చల్లగానే వుంటుంది, అది వేరే సంగతి.

ఒక రాత్రి వీథిలో ఏదో దీర్ఘమైన కేక. కాల్చిన చిలగడదుంపల బండి! వేడి గులకరాళ్లలో మగ్గిన దుంపను విరిస్తే లోపల తేనెరంగు. పొయ్యిలో నివురు కింద అమ్మ దాచి పెట్టే దుంపలు జ్ఞాపకం వచ్చాయి. రెండు తిన్నాను.

చిక్కల్లా పగటిపూట. తమ్ముడూ మరదలూ ఉద్యోగాలకు పోతే ఆ ఇంట్లో నేనొక్కణ్ణే. ఎదురింటి ముసలమ్మ బాల్కనీలో పరుపులు ఎండవేస్తూ నన్ను చూసి తల వంచేది, నేనూ వంచేవాణ్ణి. మా సంభాషణ అంతటితో సరి. సాయంత్రం వారు వచ్చేదాకా నేను తెలుగు మాట్లాడింది టెలిఫోనులో అమ్మతోనే.

తిరిగి వచ్చేసరికి అమ్మ సంతలో కొన్న కొండచీపురు బిగించి కట్టుకుంటోంది.

"చిన్నాడింటి వాకిట్లో ఎండ పడుతుందా, బాబూ?"

"ఎండకేం లోటు లేదమ్మా. కాని వాకిలంటూ వుండదు."

"మరి ఎవరైనా వస్తే ఎక్కడ కూచుంటారు?"

నేను కొతాత్సు సంగతి ఎత్తుకున్నాను.